ఏ ఏటి రుచి ఆ ఏటిదే: బీజాపూర్ ఇప్పపువ్వు, బోర్డో ద్రాక్ష

మార్చి నెల సగం దాటిందంటే బీజాపూర్ జిల్లా అటవీ గ్రామాల్లో తెల్లవారకముందే తట్టలు కదులుతాయి. ఇప్పచెట్టు రాత్రంతా పువ్వు రాలుస్తుంది. వెన్నరంగులో, కండపట్టి, తేనె చుక్కలా బరువుగా ఉండే ఆ పువ్వును ఎండ ముదరకముందే ఏరుకోవాలి. ఆలస్యమైతే పశువులు, ఎలుగుబంట్లు, చీమలు ముందుగా వచ్చేస్తాయి. భోపాల్‌పట్నం, ఉసూరు, భైరంగఢ్, బీజాపూర్ బ్లాకుల్లో వేల కుటుంబాలకు ఏడాదిలో చేతికి నగదు వచ్చే ముఖ్యమైన రోజులు ఇవే.

ఈ ఏరివేత రోజుల్లో పెద్దల నోట తరచు ఒక పోలిక వినిపిస్తుంది. నిరుటి పువ్వు తీపి, ఈ ఏడు నీరుపువ్వు. ఈ చెట్టు పువ్వు సారాకు మంచిది, ఆ వాగు గట్టు చెట్టుది వంటకు మంచిది. ప్రపంచంలో మరో మూల, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, సరిగ్గా ఇటువంటి పోలిక మీదే పెద్ద వ్యాపారం నిలిచి ఉంది. అక్కడ దానిని వింటేజ్ అంటారు. ద్రాక్ష ఏ సంవత్సరంలో కోశారో ఆ సంవత్సరమే సీసా మీద పేరుతో సమానంగా అచ్చవుతుంది. ఒకే తోట, ఒకే రకం ద్రాక్ష అయినా రెండు సంవత్సరాల వైన్‌కు ధరలో ఎంతో తేడా ఉండవచ్చు. బీజాపూర్ సంతలో మాత్రం ఇప్పపువ్వుకు ఏడూ లేదు, చెట్టూ లేదు. ఉన్నది తూకమే.

రుచిలో తేడా నిజంగా ఉన్నదా, ఉంటే దానిని ఎలా కనిపెడతారు, ఆ తేడాకు విలువ ఎందుకు ఒకచోట దక్కింది, మరొకచోట దక్కలేదు అన్నది తెలుసుకోవలసిన విషయం.

వైన్‌లో సంవత్సరం ఎలా కనిపిస్తుంది

ఎర్ర వైన్ అంటే నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెట్టిన రసం. రంగు, వగరు తొక్క నుంచే వస్తాయి. వగరుకు కారణమైన పదార్థాలను టానిన్లు అంటారు. పచ్చి నేరేడు కొరికినప్పుడు నాలుక బిగిసినట్లు అనిపించేది వీటి వల్లనే. ఎండ బాగా కాసిన ఏడు ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. పూత సమయంలో చలి, వాన పడితే కాయ నిలవదు, పండు సరిగా ముదరదు. బోర్డోలో 1982 వెచ్చగా నడిచి పేరు తెచ్చుకున్న సంవత్సరం. 2003 ఐరోపాను వడగాలులు చుట్టుముట్టిన సంవత్సరం. 2013 పూత వేళ చలి, వాన పడి దిగుబడి బాగా పడిపోయిన సంవత్సరం. ఈ చరిత్ర అంతా గ్లాసులో ఏదో ఒక రూపంలో మిగిలి ఉంటుందని రుచి చూసేవారి నమ్మకం. చాలావరకు అది నిజమే.

దానిని పరీక్షించే పద్ధతికి రెండు దారులు ఉన్నాయి. ఒకే తోటకు చెందిన వేర్వేరు సంవత్సరాల సీసాలను వరుసగా పెట్టి చూడడం ఒకటి. దీనిని నిలువు పరీక్ష అనవచ్చు. ఒకే సంవత్సరానికి చెందిన వేర్వేరు తోటల వైన్‌ను చూడడం రెండవది, అడ్డు పరీక్ష. నిలువు పరీక్షలో చోటు మారదు కనుక తేడా అంతా కాలానిదే. అడ్డు పరీక్షలో కాలం మారదు కనుక తేడా నేలది, మనిషి చేతిది.

పరీక్షకు కూర్చున్నవారు ముందు రంగు చూస్తారు. గ్లాసును తెల్లకాగితం మీద కాస్త వంచితే అంచు కనిపిస్తుంది. కొత్త వైన్ అంచు ఊదారంగులో ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది దానిమ్మ రంగుకు, ఆ తర్వాత ఇటుక రంగుకు తిరుగుతుంది. తర్వాత వాసన. కొత్తదానిలో తాజా పండ్ల వాసన ముందు నిలుస్తుంది. పాతదానిలో ఎండు పండు, తోలు, తడిమట్టి, పుగాకు వంటి వాసనలు వస్తాయి. నోట్లో పోసుకున్నాక పులుపు, వగరు, తీపి, ఘాటు ఏ పాళ్ళలో ఉన్నాయో, మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందో చూస్తారు. వృత్తి నిపుణులు మింగరు, ఉమ్మివేస్తారు. పది పదిహేను సీసాలు చూడవలసిన చోట మింగితే నాలుగో గ్లాసు దగ్గరే తీర్పు తప్పుతుంది. ఎర్ర వైన్‌ను 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర రుచి చూడాలంటారు. మన వేసవిలో గది వేడి అంతకు రెట్టింపు అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

వయసుతో ఏం జరుగుతుందన్నదే అసలు ఆసక్తి కలిగించే ప్రశ్న. సీసాలో టానిన్ల అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. కొన్ని అడుగున మడ్డిగా పేరుకుంటాయి. వగరు మెత్తబడుతుంది. అయితే అన్ని వైన్లూ ఇలా పండవు. చాలావరకు కొన్నేళ్ళలోనే తాగవలసినవి. పాతదయితే మంచిదన్న మాట వైన్ విషయంలో కొద్దిపాటి సీసాలకే వర్తిస్తుంది.

పేరు లేకుండా రుచి చూసిన రోజు

ఈ తీర్పులను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చిన రెండు సందర్భాలు ప్రసిద్ధం. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి తొమ్మిది మంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలను పిలిచి, ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్‌లను పేర్లు దాచి రుచి చూపించారు. ఎర్ర వైన్‌లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు మొదటి స్థానం వచ్చింది. బోర్డోలో పేరున్న 1970 సీసాలు దాని వెనుక నిలిచాయి. ఫ్రెంచి వైన్ ఏళ్ళు గడిస్తేనే తన సత్తా చూపుతుందని అప్పట్లో అభ్యంతరం వచ్చింది. 30 ఏళ్ళ తర్వాత, 2006లో, అవే వైన్‌లను మళ్ళీ పరీక్షించారు. ఈసారి కూడా మొదటి స్థానం కాలిఫోర్నియాదే, రిడ్జ్ మాంటే బెల్లో 1971ది.

రెండవది 2001లో వెలువడిన ఒక పరిశోధన. బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వారు దాని వాసనను వర్ణించడానికి ఎర్ర వైన్‌కు వాడే మాటలే వాడారు. కన్ను చెప్పినదే ముక్కు నమ్మింది. నిపుణులకు ఏమీ తెలియదని దీని అర్థం కాదు. రుచి నాలుక మీద మాత్రమే ఉండదు, చూపులో, పేరులో, ధరలో కూడా ఉంటుందని అర్థం. ఇప్పసారా నాసిరకమని, వైన్ నాగరికమని ముందే తీర్మానించుకున్నవారు రెంటినీ సమానంగా రుచి చూడలేరన్న సంగతి కూడా ఇందులో ఇమిడి ఉంది.

ఇప్ప, ఇరుప్, ఇరుప్పై

తెలుగులో ఇప్ప, తమిళంలో ఇరుప్పై, గోండీలో ఇరుప్. ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన మాటలివి. హిందీలో మహువా. ఇంద్రావతి, గోదావరి కలిసే ఈ మూలలో గోండీ, దోర్లీ, హల్బీ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. భోపాల్‌పట్నం వైపు సంతల్లో తెలుగు రోజువారీ వ్యవహార భాష. చెట్టు పేరు ఏ భాషలో పలికినా అందరికీ అర్థమవుతుంది.

ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అందుకే అది ముందు ఆహారం, తర్వాతే మద్యం. కరువు కాలాల్లో ఉడికించిన ఇప్పపువ్వుతో ప్రాణాలు నిలుపుకున్న చరిత్ర మధ్య భారతమంతటా ఉంది. పువ్వును మూడు నాలుగు రోజులు ఎండబెడితే వెన్నరంగు పోయి ఎర్రగోధుమ రంగు వస్తుంది. సరిగా ఎండినదానికి ఎండుద్రాక్ష వాసన ఉంటుంది. ఎండేలోగా మబ్బు పట్టినా, వాన పడినా పువ్వు నల్లబడి బూజు పడుతుంది. ఏడుకూ ఏడుకూ తేడా మొదలయ్యేది ఇక్కడే. ఇప్పచెట్టు ఒక ఏడు విరగబూసి మరుసటి ఏడు తగ్గి పూసే స్వభావం కలది. పూత వేళ వడగళ్ళు పడితే పంట నేలపాలే.

చోటు తేడా కూడా తక్కువేమీ కాదు. చెట్టు కింద ఎండుటాకులను తగలబెట్టి నేల శుభ్రం చేసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ బూడిద, ఇసుక పువ్వుకు అంటుకుంటాయి. అడవి మంటలకు కూడా ఇది ఒక కారణం. ఇటీవలి ఏళ్ళలో చెట్టు కింద వలలు కట్టి పువ్వు నేలను తాకకుండా పట్టే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. 2021 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా అడవుల నుంచి సేకరించిన ఎండు ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఎగుమతి అయింది. వైన్ దేశానికి ఇప్పచెట్టు పువ్వుతో పరిచయం ఆ విధంగా పెరుగుతున్నది.

ఇక సారా సంగతి. ఎండుపువ్వును నీళ్ళలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తారు. పులిసిన ఊటను కుండలో పోసి పొయ్యి మీద పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా మరో పాత్రలోకి చేరి, చన్నీళ్ళ చలువకు ద్రవంగా దిగుతుంది. మొదట దిగే ఘాటైన భాగాన్ని బస్తర్‌లో ఫూలీ అని, తర్వాత దిగే పలుచని భాగాన్ని రాశీ అని అంటారు. ఘాటు తెలుసుకోవడానికి కొంచెం నిప్పుల్లో చల్లి చూస్తారు. గుప్పున మండితే ఘాటు ఉన్నట్లు. తాగే ముందు కొన్ని చుక్కలు నేల మీద పూర్వీకుల పేర వదలడం ఆచారం. అడ్డాకు దొప్పలో పోసుకుని, ముందు వాసన చూసి, తర్వాత నోట పోసుకుంటారు. పువ్వు మాడిందా, ఊట పులుపెక్కిందా, పొయ్యి మంట ఎక్కువైందా అన్నవి తెలిసినవారు వాసనతోనే చెప్పగలరు. గ్లాసు వంచి అంచు చూసే బోర్డో నిపుణుడు చేసేది కూడా ఇటువంటి పనే.

ఒక తేడాను మాత్రం దాచకూడదు. వైన్ బట్టీ పట్టిన పానీయం కాదు, అది సీసాలో మారుతూ ఉంటుంది. ఇప్పసారా బట్టీ పట్టినది, గాజుసీసాలో పెట్టి పదేళ్ళు దాచినా పెద్దగా మారదు. కనుక నిరుటి సారా, ఈ ఏటి సారా అన్న పోలిక నిజానికి నిరుటి పువ్వు, ఈ ఏటి పువ్వు అన్న పోలికే. బట్టీలో చక్కెర వెనుకే ఉండిపోతుంది, వాసన మాత్రం ఆవిరితో పాటు వస్తుంది. ఏడు తేడా ఆ వాసనలోనే వెతకాలి.

ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బట్టీ పట్టేటప్పుడు మొదట దిగే కొద్దిపాటి ద్రవంలో తేలికగా ఆవిరయ్యే హానికర పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర, తాగే మద్యమైన ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అయితే రెండూ కలిసి ఉన్న ఊటలో అవి గీత గీసినట్లు విడిపోవు. మండితే మంచిదన్న పరీక్ష ఘాటును చెబుతుంది తప్ప విషం లేదని చెప్పదు, మిథనాల్ కూడా మండుతుంది. ఏ మద్యమూ ఆరోగ్యానికి మేలు చేయదు. కొలత, శుభ్రత లేని చోట ప్రమాదం మరింత ఎక్కువ.

బెల్లం వచ్చిన చోట ఏడు పోతుంది

ఇప్పపువ్వుకు ఏడాది పేరు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు రుచిలో లేదు, చట్టంలో, సంతలో ఉంది. 1892లోనే బొంబాయి ప్రభుత్వం మౌరా చట్టం తెచ్చి ఇప్పపువ్వు సేకరణ, నిల్వలను కట్టడి చేసింది. ఆబ్కారీ ఆదాయానికి ఊరి బట్టీ పోటీ కావడమే అసలు కారణం. అదే కాలంలో బోర్డో తోటలు 1855 నాటి వర్గీకరణను చూపి తమ సీసాలను ప్రపంచమంతా అమ్ముకుంటున్నాయి. ఒకచోట ప్రభుత్వం ముద్ర వేసి ధర పెంచింది, మరొకచోట ప్రభుత్వం దాడి చేసి కుండ పగలగొట్టింది. చాటుగా కాచే సారాకు పేరు ఉండదు, సంవత్సరం అసలే ఉండదు.

చాటు వ్యాపారంలోకి తర్వాత బెల్లం వచ్చింది, నవసారం వచ్చింది. తెలంగాణ వైపు గుడుంబా అన్న మాట వినగానే గుర్తొచ్చేది ఇదే. ఇప్పపువ్వు పేరుకు మాత్రమే వేసి బెల్లంతో నడిపే బట్టీలో ఏ ఏటి పువ్వయినా ఒకటే. రుచి చూసి చెప్పగలిగే పెద్దల తెలివికి అక్కడ పని లేదు.

సారా అన్న మాటకు తెలుగునాట మరో చరిత్ర కూడా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. సారా వల్ల కూలి డబ్బు, ఇంటి శాంతి కోల్పోయిన స్త్రీల గొంతు అది. ఇప్పసారాను కేవలం సంస్కృతిగా పొగడేవారు ఆ గొంతును మరచిపోవడం న్యాయం కాదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని రెండింటినీ ఇచ్చింది. పువ్వు ఎవరిది, సారా ఎంత అన్న రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పవలసింది ఊరే అని దాని భావం. ఆచరణలో ఆ అధికారం ఎంతవరకు ఊరి చేతికి వచ్చిందన్నది గ్రామానికో విధంగా ఉంది.

ధర సంగతి చూస్తే, 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎండు ఇప్పపువ్వు కొనుగోలు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. ఏరేవారికి ఇది ఊరట. కానీ వల కట్టి పట్టిన శుభ్రమైన పువ్వుకూ, బూడిద అంటిన పువ్వుకూ సంతలో తేడా స్వల్పం. వ్యాపారి నిల్వ చేసి, వానాకాలం దాటాక పెరిగిన ధరకు అమ్ముకుంటాడు. చాలాసార్లు తాము అమ్మిన పువ్వునే ఏరిన కుటుంబాలు ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కోవలసి వస్తుంది. పొరుగున మధ్యప్రదేశ్ 2021 నవంబరులో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించింది. తర్వాత అలీరాజ్‌పూర్, డిండోరీ జిల్లాల్లో ఆదివాసీ స్వయంసహాయక బృందాలు దానిని సీసాల్లో నింపడం మొదలుపెట్టాయి. సీసా వచ్చింది కనుక చీటీ వస్తుంది. చీటీ మీద అడవి పేరు, పువ్వు రాలిన ఏడు రాయడానికి అడ్డేమీ లేదు.

చెట్టును విడిచి వచ్చినవారు

బీజాపూర్ గురించి చెప్పేటప్పుడు 2005ను దాటి పోలేము. ఆ ఏడాది సల్వాజుడుం మొదలైన తర్వాత జరిగిన ఘర్షణల్లో ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలాది మంది గోదావరి వైపు, నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. తెలంగాణలో వారిని గుత్తికోయలని పిలుస్తున్నారు. ఇప్పచెట్టు అడవిలో ఉన్నా అది ఫలానా కుటుంబానిదని ఊరంతా ఒప్పుకునే ఆచారం బస్తర్‌లో ఉంది. పొలం వదిలి వచ్చినవారు చెట్టును కూడా వదిలి వచ్చారు. కొత్తచోట ఇప్పచెట్లు లేకపోలేదు, కానీ అవి అప్పటికే మరొకరి లెక్కలో ఉన్నాయి. తాత చెట్టు పువ్వు ఏ ఏడు ఎలా ఉందో పోల్చి చెప్పగల జ్ఞాపకం, ఆ చెట్టు కింద ప్రతి ఏడూ నిలబడినవారికే ఉంటుంది. వైన్ భాషలో చెప్పాలంటే నిలువు పరీక్షకు కావలసిన వరుస వారికి తెగిపోయింది.

జీలుగు గంటల లెక్క

బీజాపూర్ అడవుల్లో ఏళ్ళతో కాక గంటలతో కొలిచే పానీయం మరొకటి ఉంది. జీలుగు కల్లు. బస్తర్‌లో దీనిని సుల్ఫీ అంటారు. బస్తర్ బీరు అన్న ముద్దుపేరు పర్యాటకులకు కూడా తెలుసు. చెట్టు గెల కోసి లొట్టి కడితే రసం ఊరుతుంది. తెల్లవారుజామున దించినది తీపి, పిల్లలు కూడా రుచి చూస్తారు. పొద్దెక్కేకొద్దీ గాలిలోని, లొట్టిలోని ఈస్టు చక్కెరను మద్యంగా మారుస్తుంది, బాక్టీరియా పులుపు చేరుస్తుంది. మధ్యాహ్నానికి నురగ, ఘాటు. మరునాటికి పులుపు ముదిరి నోట పెట్టలేని స్థితి. బోర్డో సీసాలో ఇరవై ఏళ్ళు పట్టే మార్పును జీలుగు ఒక పగటిలో చూపిస్తుంది. తాగేవారు తమకు నచ్చిన గంట చూసుకుని చెట్టు దగ్గరికి వస్తారు.

ఒక చెట్టు కల్లు మరో చెట్టు కల్లులా ఉండదు, ఒక గెల రసం తర్వాతి గెలలా ఉండదు. అందువల్ల ఇక్కడ చెట్టే చీటీ. ఫలానావారి చెట్టు కల్లు అంటే ఊళ్ళో అందరికీ అది ఎలా ఉంటుందో తెలుసు. ఆడపిల్ల పెళ్ళికి జీలుగు చెట్టును కానుకగా ఇచ్చే ఆచారం గురించి బస్తర్‌లో చెప్పుకుంటారు.

జీలుగు మొదటి గెల చెట్టు తల దగ్గర వేస్తుంది. తర్వాతివి ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. కొన్నేళ్ళకు అన్నింటికంటే కింది గెల వేసి చెట్టు ఎండిపోతుంది. గెల ఏ ఎత్తులో ఉందో చూసి ఇంకా ఎన్నేళ్ళ కల్లు మిగిలి ఉందో గీసేవారు లెక్క వేస్తారు. ఆ పక్కన ఈ ఏడు నాటిన మొక్క తొలి గెల వేయడానికి పదేళ్ళు దాటుతుంది.